మంగళంలో పలికిన పేరు

పరిశోధన అంటే గ్రంథమో, పత్రికలో అచ్చయిన వ్యాసమో అని విశ్వవిద్యాలయాలు చాలాకాలం నమ్మాయి. ఇటీవల ఆ నమ్మకం కొంత సడలింది. నాటకం, గానం, చిత్రలేఖనం, మరుగునపడ్డ వాద్యాన్ని మళ్లీ పలికించడం వంటి పనులను కూడ అధ్యాపకుల పరిశోధనగా లెక్కలోకి తీసుకోవచ్చునని ఒక విశ్వవిద్యాలయం తీర్మానించింది. వాటికి సంప్రదాయేతర పరిశోధన ఫలితాలని పేరు పెట్టి, నమోదుకు ఒక విభాగం తెరిచి, వీరేందర్ అనే అధికారికి అప్పగించింది. వ్యాసమైతే అచ్చయిన చోటనే ఉంటుంది, ఎప్పుడైనా తెరిచి చూడవచ్చు. పాట పాడిన చోట ఉండదు. కనుక ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, ఎవరు చూశారు అన్నవాటికి సాక్ష్యం కావాలన్నారు. ప్రదర్శన రూపమైన పరిశోధన మూడు జిల్లాలలో జరిగి ఉండాలన్నారు.

తెలుగు శాఖలో సహాయాచార్యురాలైన స్వప్నకు ఈ నియమం దైవమిచ్చినట్టుగా తోచింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే ఆ విద్యాసంవత్సరం ముగిసేలోగా పరిశోధన ఒకటి చూపాలి. చేతిలో ఉన్న పని వ్యాసానికి ఒదిగేది కాదు. అది పటం కథ.

స్వప్న పుట్టిల్లు కొడకండ్లలో నేతపని చేసే పద్మశాలీల ఇల్లు. నేతవారికి మూలపురుషుడైన ఋషి పుట్టుక, ఆయన తామరతూటి నూలుతో దేవతలకు వస్త్రాలు నేసిన వైనం ఒక పొడవైన గుడ్డ మీద బొమ్మలుగా చిత్రించి ఉంటుంది. ఆ గుడ్డను పైనుంచి కిందికి విప్పుతూ ఒక్కొక్క బొమ్మ చూపి కథ చెప్పే వంశాలు వేరుగా ఉన్నాయి. కొడకండ్ల వాడకట్టుకు తరతరాలుగా చెబుతున్నది దేవరుప్పులలోని కొమురెల్లి ఇంటివారు. స్వప్న చిన్ననాడు తాత ఒడిలో కూర్చుని విన్న కథ కూడ ఆ ఇంటి నోటిదే.

ఆమె ఆ కథకు చివర ఒక కొత్త ఘట్టం చేర్చింది. మగ్గాలు ఆగిపోయి నేతకుటుంబాలు పరాయి రాష్ట్రాలకు వలసపోవడం అందులోని వస్తువు. ద్విపదలో తానే రాసింది. కొమురెల్లి దానికి వరుస కట్టాడు. పాత పటం అడుగున చిత్రకారుని చేత కొత్త బొమ్మలు వేయించి అతికించారు. మొదటి ప్రదర్శన జనగామలో, రెండవది మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో జరిగింది. రెండూ కొమురెల్లి చెప్పుకొనే ఊళ్లే. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మూడవది భూపాలపల్లి జిల్లా రేగొండలో అన్నప్పుడే చిక్కు వచ్చింది.

"రేగొండా?" అన్నాడు కొమురెల్లి. "అది పోశయ్య ఊరు బిడ్డా."

"ఆ దిక్కు ఇంకో ఊరన్న చూద్దామా కాకా?"

"ఆ దిక్కు నేతోళ్ల ఊర్లన్ని ఆయనయే."

పోశయ్య కూడ పటం కథకుడే. పటం కథలకు మిరాశి, అంటే వంశహక్కు, ఉంటుంది. ఏ ఊరి వారికి ఏ వంశం కథ చెప్పాలో పూర్వమెప్పుడో పెద్దలు పంచిపెట్టారు. మరొకరు అక్కడ పటం విప్పరాదు. విప్పవలసి వస్తే హక్కుదారును అడిగి విప్పాలి. కథ ముగిసినాక పాడే మంగళంలో దేవతలను, ఋషిని, ఊరివారిని స్మరించి, చివర ఆ హక్కుదారు వంశం పేరే పలకాలి. చెప్పిన నోరు ఎవరిదైనా సరే, మంగళంలో పలికిన పేరు ఎవరిదో ఊరు వారిది.

కొమురెల్లి భార్య యాకమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తున్నది. మేళంలో తాళం వేసి వంతపాడేది ఆమెయే.

"ఫోన్ చేసి అడుగరాదు?" అన్నది. "నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా?"

"చుట్టాల పెండ్లిల నన్ను చూసి మొగం తిప్పుకున్నడు. గసొంటోన్ని నేనడుగుతనా?"

"ముందు తిప్పింది నువ్వు. నేను పక్కనే ఉన్న."

కొమురెల్లి ఆ మాట పక్కకు నెట్టి ఒక ఉపాయం కనిపెట్టాడు. మిరాశి తాతల నాటి కథకే గదా. కొత్త ఘట్టం తాతల పటంలో లేదు. అది స్వప్న రాసినది. అదొక్కటే చెబితే పోశయ్య హక్కుకు భంగం రాదు. వాదం చక్కగానే ఉంది. చక్కగా ఉండడం ఆ సమయంలో స్వప్నకు కూడ అవసరమైంది. ఆమె సరేనన్నది.

రేగొండలో బడి ఆవరణలో ఎండ వాలేవేళకు జనం చేరారు. పోశయ్య మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వెళ్లాడని అక్కడివారు చెప్పగా కొమురెల్లి మనసు తేలికపడింది. కాని పటం స్వభావాన్ని ఇద్దరూ ఆలోచించలేదు. కొత్త బొమ్మలున్నది అడుగున. అక్కడికి చేరాలంటే పటమంతా విప్పుకొంటూ రావాలి. పటం తలభాగంలో విఘ్నేశ్వరుడు ఉంటాడు. ఆయనకు దీపం పెట్టకుండా విప్పడం కొమురెల్లి ఎన్నడూ ఎరుగడు. దీపం పెట్టాడు. ఋషి జననం బొమ్మ వచ్చింది. దాటవేయబోతే ముందు వరుసలోని ముసలివాడొకడు "ఏందయ్యా, దేవున్ని దుంకి పోతున్నవ్?" అన్నాడు. నాలుగు మాటలలో చెప్పి పోదామనుకొన్నాడు. నాలుగు మాటలు నలభై అయినాయి. వింటున్నవారి కళ్లు మెరుస్తుంటే కథకుని నోరు ఆగదు.

కొత్త ఘట్టం వచ్చేసరికి ఆడవారు చాలామంది ఏడ్చారు. వాడకట్టు పెద్దలు లేచి వచ్చి పటం పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టి, తమ మగ్గం మీద నేసిన కండువాను కొమురెల్లి భుజాన కప్పారు. ఆ ఊపులో అతడు మంగళం ఎత్తుకొన్నాడు. దేవతలను, ఋషిని, రేగొండ నేతవారిని స్మరించాడు. చివరి పాదంలో, యౌవనం నుంచి పాడిపాడి అలవాటైన నాలుక తన తాత రాజలింగం పేరునే పలికింది.

యాకమ్మ తాళం ఒక దెబ్బ తప్పింది. ముందు వరుసలోని ముసలివారు ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. స్వప్న వీడియో తీస్తున్నది. ఆమెకు చిత్రం స్పష్టంగా వస్తున్నదా లేదా అన్నదే ధ్యాస.

ఆ వీడియోను ఆమె నమోదు విభాగానికి పంపింది. వీరేందర్ పూర్తిగా చూసి ఆమోదించాడు. మూడు జిల్లాలూ పూర్తి అయినట్టు విభాగం వెబ్‌సైటులో కనిపించింది. వీడియో కూడ అక్కడే, ఎవరైనా చూడవచ్చునన్నట్టు ఉంచారు. రేగొండ యువకుడొకడు దానిని పోశయ్యకు పంపాడు. హోటల్లో చాయ ముందు పెట్టుకొని పోశయ్య చివరిదాకా చూశాడు. చాయ ముట్టకుండానే లేచి పోయాడని తరువాత అందరూ చెప్పుకొన్నారు.

పటం కథలవారి కులపెద్దలు జనగామలో కూడారు. నలుదిక్కుల నుంచి బస్సులు, రైళ్లు వచ్చే ఊరు కనుక ఇటువంటి కూటమి ఎప్పుడైనా అక్కడే జరుగుతుంది. స్టేషనుకు సమీపంలోని సంఘభవనంలో చాపలు పరిచారు. వీడియో తీసింది స్వప్న గనుక ఆమెను కూడ పిలిపించారు. పోశయ్య తల్లి ఓదెమ్మ అందరికంటె ముందే వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నది. కొమురెల్లికి ఆమె వరుసకు అత్త.

"ఏమే బిడ్డా," అన్నది స్వప్నను చూడగానే. "మా తాతలకెల్లి వచ్చిన కథను సంప్రదాయం కాదని రాసినవట?"

"అది మా ఆఫీసోళ్లు పెట్టిన పేరు అవ్వా. పుస్తకాలు కానియన్నిటికి అదే పేరు."

"అంటే నేను గూడ సంప్రదాయం కాదన్నట్టే. నేను పుస్తకం కాదు గదా."

చాపల మీద నవ్వులు లేచాయి. పోశయ్య మాత్రం నవ్వలేదు. కొమురెల్లికి ఎదురుగా కూర్చుని, అతని మోకాళ్ల వైపు చూస్తూ మాటాడాడు.

"బావా, ఆ కండువ మీదేసుకున్నప్పుడు నేను యాదికి రాలేదా?"

"యాదికొచ్చినవ్. అందుకే జల్ది తీసి సంచిల పెట్టిన."

"మంగళంల?"

కొమురెల్లి తలవంచాడు. "అది నేనన్నది కాదు బావా. నాలుక అన్నది."

"నాలుక ఎవలిది? రేగొండదా, దేవరుప్పులదా?" అన్నది ఓదెమ్మ. "అడుగుతే నేనే పోయి చెప్పి రమ్మనేదాన్ని. ఫోన్‌కు బ్యాలెన్స్ లేకుండెనా అల్లుడా?"

కొత్త ఘట్టానికి మిరాశి వర్తించదన్న వాదాన్ని కొమురెల్లి ఎత్తాడు. వీడియోలో మొత్తం పటం విప్పినట్టు కనిపిస్తూనే ఉంది గనుక అది నిలువలేదు. పెద్దలు తమలో తాము చాలాసేపు మాటాడుకొని తీర్పు చెప్పారు. కండువా పోశయ్యకు ఇచ్చివేయాలి. రేగొండలో చెప్పిన కథ పోశయ్య కథ అని కొమురెల్లి ఒప్పుకోవాలి. ఎక్కడెక్కడ రాసి ఉన్నదో అక్కడ అట్లాగే ఉండాలి, కంప్యూటరులో కూడ. ఒప్పుకోకపోతే కొమురెల్లి ఊళ్లకు కట్టుబాటు ఉండదు. దేవరుప్పుల, కొడకండ్ల, దంతాలపల్లి, ఎవరు పోయి పటం విప్పినా అడిగేవారుండరు.

కొమురెల్లికి వేరే బతుకుతెరువు లేదు. "ఒప్పుకున్న," అన్నాడు వెంటనే. తరువాత స్వప్న వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు.

"కంప్యూటర్ల అట్ల రాస్తే అబద్ధమైతది గదా," అన్నది స్వప్న. "వీడియోల చెప్పేది కొమురెల్లి కాక. చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"పెండ్లిల మంత్రం చదివేది పంతులు," అన్నది ఓదెమ్మ. "గంతమాత్రాన పెండ్లి పంతులుదైతదా?"

"పంతులుది కాదు. కానీ లగ్నపత్రికల పెండ్లికొడుకు పేరు మార్చి రాస్తే నువ్వు ఊకుంటవా అవ్వా?"

ఈ జవాబు పెద్దలకు నచ్చింది. ఒకరిద్దరు తలలూపారు. ఓదెమ్మ గోడ వదిలి ముందుకు జరిగింది.

"పెండ్లికొడుకు రేగొండ వాడకట్టు. పెండ్లి చేసే ఇంటిపెద్ద నా కొడుకు. మీ కొమురెల్లి బ్యాండుమేళం. బ్యాండోళ్ల పేరు పత్రికల ఎవలన్న ఏస్తరా?"

భవనమంతా నవ్వింది. కొమురెల్లి నవ్వబోయి మానుకొన్నాడు. అంత పెద్ద కథకుడు బ్యాండుమేళం కావడం అతని మొగంలో కనిపించింది. స్వప్న గడువు అడిగింది. పౌర్ణమి దాకా ఇచ్చారు.

బస్టాండులో దేవరుప్పుల బస్సు కోసం నిలబడ్డప్పుడు కొమురెల్లి సోడా తాగుతానని దూరంగా వెళ్లాడు. యాకమ్మ, స్వప్న సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"పేరు మారిస్తే నీకేమైతది బిడ్డా?"

"మూడో జిల్లా నా లెక్కల నుంచి పోతది. అది పోతే నౌకరి ఈ ఏడు పర్మినెంటు కాదు."

"వచ్చే ఏడు?"

"కావచ్చు. తీసేసినా తీసెయ్యచ్చు. చెప్పలేం చిన్నమ్మా."

యాకమ్మ సంచిని ఒడిలోకి లాక్కొన్నది. "ఐతే నేనేం చెప్పలే," అన్నది. "మాకోసం చెయ్యమంటే నీ కొలువు. నీకోసం ఊకుంటే మా ఊర్లు. ఆయన అడుగుతే ఏడుస్తడు, అందుకే సోడ తాగవోయిండు."

బస్సు వచ్చింది. కొమురెల్లి, యాకమ్మ ఎక్కారు. స్వప్న వరంగల్లు రైలుకు వెళ్లింది.

పురాణాలలో కథ ఎవరిదన్న ప్రశ్న సులభంగా తేలదు. చూసిన ఋషి ఒకరు, లోకానికి అందించినవారు ఒకరు, సభలో వినిపించినవారు మరొకరు. చెప్పించినవారికి ఒక ఫలం, చెప్పినవారికి ఒక ఫలం, విన్నవారికి మరొక ఫలం అని విడివిడిగా చెప్పి పెద్దలు ఆ చిక్కును విప్పారు. స్వప్న ఇది చదువుకొన్నదే. రైలులో ఆమెకు తోచింది కూడ ఇదే. కథ పోశయ్యది, గానం కొమురెల్లిది, రచన తనది అని మూడూ రాయవచ్చును. ఏదీ అబద్ధం కాదు. పెద్దలు కోరిన మాటా నిలుస్తుంది. ఆ మాటలు కాగితం మీద పెట్టి మరునాడు వీరేందర్ గదికి వెళ్లింది.

వీరేందర్ చెడ్డవాడు కాడు. తనకు అప్పగించిన నియమాలను నమ్మినవాడు. ఆమె చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"మేడం, ఇందుల కర్త అని ఒక గడి ఉన్నది. ప్రదర్శించినవారు అని ఒక గడి ఉన్నది. కథ ఎవరిది అనే గడి లేదు."

"కర్త గడిల పోశయ్య పేరు రాస్తే?"

"ఆయన ఏం చేసిండు?"

"ఆ ఊరి కథ ఆయనది."

"ఆయన అక్కడ ఉన్నడా?"

"లేడు. వేములవాడ పోయిండు."

వీరేందర్ కళ్లజోడు తీసి తుడుచుకొన్నాడు. ఇటువంటి సందేహం వచ్చినప్పుడు సంబంధిత వ్యక్తిని నేరుగా అడిగి తెలుసుకోవాలన్నది కూడ నియమాలలో ఉంది. పోశయ్య నంబరు తీసుకొని ఫోన్ చేశాడు. స్వప్నకు వినిపించేటట్టు బల్ల మీద పెట్టాడు.

"నమస్తే పోశయ్య గారూ. యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్న. రేగొండ స్కూల్ల పటం కథ చెప్పింది మీరేనా?"

"ఔ. నేనే."

"మీరు ఆ రోజు ఊర్లె ఉన్నరా సార్?"

"లేను. రాజన్న దర్శనానికి పోయిన."

"మరి మీరు చెప్పినరని ఎట్లంటరు?"

"నా ఊర్లె నేను గాక ఎవలు చెప్తరు సారూ?"

"వీడియోల కొమురెల్లి అనే ఆయన కనిపిస్తున్నడు."

"కనిపిస్తడు. నోరు ఆయనది."

వీరేందర్ స్వప్న తెచ్చిన కాగితం దగ్గరికి లాక్కొన్నాడు. "అయితే పోశయ్య గారూ, కథ మీది, గానం కొమురెల్లిది అని రాస్తే మీకు సమ్మతమేనా?"

అవతల ఓదెమ్మ గొంతు వినిపించింది. ఏమంటున్నదో తెలియలేదు. పోశయ్య ఆమెతో ఏదో అని, మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. "రాసుకోండ్రి. పాట పాడేటోళ్లను పిలుస్తం, వస్తరు, పోతరు. మా అవ్వ గూడ సరే అంటున్నది."

"ఇంకొకటి సార్. ఇంత పంచాయతి ఎందుకని ఆ ఒక్క ప్రదర్శన మొత్తానికే తీసేస్తే?"

"అయ్యో, అట్లెట్ల తీసేస్తరు? నా ఊర్లె కథ జరగనే లేదన్నట్టైతది. జరిగింది గదా? మస్తుగ జరిగిందట. ఆడోళ్లు ఏడ్సిండ్రట."

ఫోన్ పెట్టేసినాక వీరేందర్ నియమావళి తెరిచి ఒక పేజీ చూపించాడు. కర్తగా మరొకరి పేరు ఉంటే, ఆ వ్యక్తి మొదటినుంచి ఆ పరిశోధనలో భాగస్వామి అయి ఉండాలి. కానప్పుడు ఆ ప్రదర్శన అతని స్వంత ఫలితంగానే నమోదవుతుంది. అధ్యాపకుల లెక్కలో చేరదు.

"పోశయ్య మొదటినుంచి మీతోని ఉన్నడని రాసిస్తరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో దయ ఉంది. రాసిస్తే తాను ఒప్పుకొంటానన్న సూచన కూడ ఉంది.

స్వప్నకు ఆ సూచన అర్థమైంది. పోశయ్యను ఆమె మొదటిసారి చూసింది జనగామ చాపల మీద.

"లేడు సార్," అన్నది.

"అయితే మీకు రెండు జిల్లాలే మిగుల్తయి మేడం. ఈ ఏడు ఇంకో జిల్లాల చేసే టైం గూడ లేదు."

"తెలుసు."

"పొద్దున్న వరకు ఆలోచించుకోండి. ఇప్పుడే మార్చాలని ఏం లేదు."

"ఇప్పుడే మార్చండి సార్. పొద్దటికి నేను మారుతనేమో."

వీరేందర్ మార్చాడు. తెర మీద భూపాలపల్లి జిల్లా వరుస ఆమె పేరు కింద నుంచి జరిగి, పోశయ్య, రేగొండ, పటం కథకుడు అన్న పేరుతో వేరే చోట నిలిచింది. ఆ తెరను ఫోటో తీసి ఆమె జనగామ పెద్దలకు పంపింది. కొమురెల్లి ఊళ్లు కొమురెల్లికే ఉన్నట్టు సాయంకాలానికి కబురు వచ్చింది. నెల తిరిగేసరికి విశ్వవిద్యాలయం నుంచి కూడ ఉత్తర్వు వచ్చింది. పరిశోధన అసంపూర్ణం కనుక ఉద్యోగం ఖాయం చేసే విషయం మరుసటి యేటికి వాయిదా వేయడమైనది. పక్క గదిలోని సహోద్యోగులు విచారం తెలిపారు. ఒకరు, వచ్చే యేడు వ్యాసమే రాసుకొమ్మని సలహా ఇచ్చారు. ఆమె సరేనన్నది.

వానలు పడి తగ్గినాక రేగొండలో మరొక సమస్య మొదలైంది. వాడకట్టులో పెద్దకర్మ ఒకటి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం పోశయ్యను కథకు పిలిచారు. అతడు తన పటం విప్పి ఋషి కథ ముగించి మంగళం ఎత్తుకోబోతే ఆడవారు ఆపారు. వలసల కథ ఏదని అడిగారు. ఆ కథ తన పటంలో లేదన్నాడు. బడిలో చెప్పింది నీ కథే అని నువ్వే పంచాయతిలో గెలిచి వచ్చినవు గదా, చెప్పుమన్నారు.

ఒక ఉదయం దేవరుప్పులలో బస్సు దిగి పోశయ్య, ఓదెమ్మ కొమురెల్లి ఇంటికి వచ్చారు. మధ్యాహ్నానికి యాకమ్మ ఫోన్ అందుకొని స్వప్న కూడ వచ్చింది. ఆమె వచ్చేసరికి వాకిట్లో పటం కర్రకు వేలాడదీసి ఉంది. కొమురెల్లి మంచం మీద కూర్చున్నాడు. పోశయ్య చాప మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్య అంతకు ముందే చాలా మాటలు నడిచినట్టు కనిపించింది.

"కథ నీది, చెప్పు మరి," అంటున్నాడు కొమురెల్లి. "నేను వట్టి బ్యాండోన్ని."

"అవ్వ అన్న మాట నా మీద రుద్దుతవేంది బావా?"

"అత్తా, నన్ను బ్యాండోడన్నవా లేదా?"

"అన్న," అన్నది ఓదెమ్మ. "బ్యాండోడంటే మామూలా? వాడు రాకుంటే ఊరేగింపు కదులుతదా? నేర్పియ్యి."

కొమురెల్లికి ఆ మాట సరిపోయింది. వరుస పాడి వినిపించాడు. పోశయ్య పట్టుకొన్నాడు. అతని గొంతు కొంచెం బొంగురుది, కాని నిలకడ ఉంది. ఒక్కొక్క పాదం అందుకొంటూ, వలసపోయేవారు రైలు ఎక్కే బొమ్మ దాకా వచ్చి ఆగాడు.

"ఇక్కడ భివండి అని ఉన్నది," అన్నాడు. "మా రేగొండోళ్లెవలు భివండి పోలే. సూరత్ పోయిండ్రు. నేను సూరత్ అంట."

"ఎట్లంటవ్? బిడ్డ రాసింది భివండి," అన్నాడు కొమురెల్లి. "కొడకండ్లోళ్లు పోయింది భివండే."

"కొడకండ్ల నీది. రేగొండ నాది."

ఇద్దరూ స్వప్న వైపు తిరిగారు. ఆ పాదంలో భివండి అన్న మాట యతిస్థానంలో ఉంది. దానికోసం ఆమె పాదారంభాన్ని మూడు సార్లు మార్చి రాసింది. సూరత్ పెడితే యతి తప్పుతుంది. ఆమె ఆ విషయం చెప్పింది.

"తప్పితే ఎవలకు తెలుస్తది?" అన్నది ఓదెమ్మ.

"నాకు తెలుస్తది అవ్వా."

"నీ ఒక్కదానికి. సూరతుకు పోయి తిరిగి రాని కొడుకులు మా వాడకట్టుల ఇంటికొక్కలున్నరు బిడ్డా. భివండి అంటే ఆ తల్లులకు అదెవల కథనో అనిపిస్తది."

స్వప్న ఆ పాదాన్ని మనసులో రెండు విధాల చదువుకొన్నది. పాదారంభాన్ని మళ్లీ మార్చి యతి కలపవచ్చునేమో అని చూసింది. కలిసే మాట ఒకటి తోచింది గాని, అది పోశయ్య నోట పలికే మాట కాదు.

"సూరతే అను పోశయ్య కాకా," అన్నది.

"యతి?" అన్నాడు కొమురెల్లి, ఆమెకంటె ఎక్కువ బాధపడుతూ.

"దేవరుప్పులల ఉండనియ్యి కాకా. నువ్వు చెప్పినప్పుడు భివండే."

పోశయ్య గొంతు సవరించుకొని ఆ పాదం సూరతుతో పాడాడు. యతి తప్పిన చోట రాగాన్ని కొంచెం సాగదీసి దాటాడు. యాకమ్మ తాళం ఆ సాగుకు తగ్గట్టు ఒక దెబ్బ ఆగి పడింది. అతడు తరువాతి పాదానికి పోయాడు.